ఆషాఢ పౌర్ణమికి సముద్ర స్నానం, పిల్లలకు ఈత: సియాటిల్ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లాలి?

కొవ్వూరు కుర్రాడు · జూన్ 28

సభ్యులందరికీ నమస్కారం. గత అక్టోబరులో డాలస్ నుంచి బాథెల్‌కు వచ్చాము కనుక ఈ ప్రాంతంలో మాకిది మొదటి వేసవి. అమ్మా నాన్నగారూ మే నెలలో వచ్చారు, సెప్టెంబరు దాకా ఉంటారు. పదేళ్ల అమ్మాయికీ ఆరేళ్ల అబ్బాయికీ బడికి సెలవులిచ్చిన దగ్గర నుంచి ఈత గోల తప్ప మరొకటి లేదు. నాన్నగారికేమో జూలై 10న వచ్చే ఆషాఢ పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలని ఉంది. మా ఇంట్లో ‘ఆకామావై’ పట్టింపు ఉంది. ఆషాఢ, కార్తిక, మాఘ, వైశాఖ పౌర్ణముల్లో ఏడాదికి ఒక్కదానికైనా ఆయన నరసాపురం రేవు దాటి అంతర్వేదికో, అది కుదరకపోతే పేరుపాలేనికో వెళ్లి మునక వేసి వచ్చేవారు.

ఆయన వయసు 68. గోదావరిలో ఈదుతూ పెరిగిన మనిషి, రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. పటంలో చూస్తే మా చుట్టూ నీళ్లే కనిపిస్తున్నాయి: ఇటు వాషింగ్టన్ సరస్సు, అటు సమ్మామిష్ సరస్సు, పడమట ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ, దాని ఉప్పునీళ్లు. పిల్లల ఈత, నాన్నగారి స్నానం ఒకే రోజు ఒకే చోట జరిగేలా ఏదైనా తీరం ఉంటే చెప్పగలరు.

జువానిటా పెద్దాయన · జూన్ 28

ఒకే చోట జరగవండీ. ఆ సంగతి ముందే తెలిస్తే మీకు ఒక శనివారం మిగులుతుంది. కిర్క్‌లాండ్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, మా పిల్లలిద్దరూ ఇక్కడి సరస్సుల్లోనే ఈత నేర్చుకున్నారు. ఉప్పునీటి తీరంలో వాళ్లు ఆడింది ఇసుకలోనే తప్ప నీటిలో కాదు.

కారణం నీటి చల్లదనం. వాషింగ్టన్ సరస్సులో పైనీరు జూలై, ఆగస్టు నెలల్లో 20 డిగ్రీల సెల్సియస్ దాటి, బాగా ఎండ కాసిన వారాల్లో 23, 24 దాకా వెళుతుంది. అక్కడికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ప్యూజెట్ సౌండ్ నీరు అదే రోజున సుమారు 12, 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన విశాఖ సముద్రం 28 డిగ్రీల దగ్గర ఉంటుందని గుర్తు పెట్టుకుంటే తేడా అర్థమవుతుంది. ఎండ చూసి మోసపోకండి. 2021 జూన్ 28న సీటాక్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. ఆ రోజు సాయంత్రం మేమంతా ఆల్కీ తీరానికి పరుగెత్తాము. ఇసుక మీద కాలు పెట్టలేకపోయాము, నీటిలోనేమో మోకాళ్ల లోతులో రెండు నిమిషాలు నిలబడలేకపోయాము.

ఇంకొక మాట. వేసవి జూలై 5న మొదలవుతుందని ఇక్కడివాళ్లు హాస్యానికి అంటారు గాని, ఈతకు అది నిజమైన లెక్కే. జూన్‌లో సరస్సు కూడా చల్లగానే ఉంటుంది.

సమ్మామిష్ వాసి · జూన్ 29

పెద్దాయన గారు చెప్పినదానికి కారణం కలుపుతాను. సరస్సు నిలకడగా ఉండే నీరు కనుక, ఎండకు వేడెక్కిన పైపొర తేలికై పైనే ఉండిపోతుంది, చల్లని నీరు అడుగున ఉంటుంది. మీరు నిటారుగా కాళ్లు కిందికి చాపితే నడుముకు ఒక కాలం, మడమలకు మరొక కాలం తెలుస్తాయి. ప్యూజెట్ సౌండ్‌లో అలా కుదరదు. హిమానీనదాలు తవ్విపోయిన ఆ లోయ కొన్నిచోట్ల 280 మీటర్ల లోతు ఉంటుంది. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు పసిఫిక్ చల్లదనాన్ని లోపలికి తెస్తుంది, ఇరుకైన చోట్ల అడుగునీటిని పైకీ పైనీటిని కిందికీ కలిపేస్తుంది. మనం పాలు తిరగబోసి చల్లార్చినట్టు సముద్రం తనను తానే తిరగబోసుకుంటూ ఉంటుంది.

ఇక పిల్లల సంగతి. బాథెల్ నుంచి అన్నిటికంటే అనువైనది కిర్క్‌లాండ్‌లోని జువానిటా బీచి. అక్కడ నీటిలోకి చుట్టి వచ్చే చెక్క వంతెన ఈతకు ఒక ఆవరణలాగా పనిచేస్తుంది, లోపల చాలా దూరం లోతు తక్కువ. రెడ్‌మండ్ వైపు ఐడిల్‌వుడ్ బీచి బాగుంటుంది గాని, శని ఆదివారాల్లో పదకొండు దాటితే కారు నిలపడానికి చోటు దొరకదు. రెంటన్‌లోని జీన్ కూలన్ పార్కుకు, బెల్‌వ్యూలోని మైడెన్‌బావర్ తీరానికి కూడా మనవాళ్లు ఎక్కువగానే వెళతారు. ఇసాక్వాలోని సమ్మామిష్ స్టేట్ పార్కు ఇసుక చాలా విశాలమైనది, అయితే అది రాష్ట్ర ఉద్యానవనం కనుక కారుకు డిస్కవర్ పాస్ ఉండాలి. పాస్ లేకుండా వెళ్లి వైపరు కింద జరిమానా కాగితం చూసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఏ తీరమైనా లైఫ్‌గార్డులు ఉన్నారా లేదా అన్నది ముందు చూడండి. నగరాలు నడిపే సరస్సు తీరాల్లో జూన్ చివరో జూలై మొదట్లోనో మొదలై, సెప్టెంబరు మొదటి సోమవారం, అంటే లేబర్ డే, వరకు ఉంటారు. అదీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకే. సియాటిల్ నగరంలో మ్యాథ్యూస్ బీచి, మాగ్నుసన్, మ్యాడిసన్ పార్క్, మ్యాడ్రోనా, గ్రీన్ లేక్ వంటి సరస్సు తీరాల్లోనే వారుంటారు. ఉప్పునీటి తీరాలైన ఆల్కీలో, గోల్డెన్ గార్డెన్స్‌లో ఉండరు.

రాత్రి డ్యూటీ · జూన్ 29

నేను నర్సుగా పనిచేస్తున్నాను. మీ పోస్టులో ‘రక్తపోటుకు మాత్ర’ అన్న మాట దగ్గర ఆగాను. పెద్దవాళ్ల విషయంలో నన్ను భయపెట్టేది ఈత రాకపోవడం కాదు, చన్నీళ్లు తగిలిన మొదటి నిమిషం. పదిహేను డిగ్రీల లోపు నీటిలోకి ఒక్కసారిగా దిగితే మనిషి తన ప్రమేయం లేకుండా నోరు తెరిచి గాలి పీల్చేస్తాడు. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే లోపలికి వెళ్లేది నీరే. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పైకి లేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఎంత గజ ఈతగాడైనా ఇది తప్పదు.

చన్నీటి ప్రమాదాల గురించి శిక్షణ ఇచ్చేవారు ఇక్కడ 1-10-1 అని ఒక గుర్తు చెబుతారు. అతిశీతల నీటిలో శ్వాస అదుపులోకి రావడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ తరువాత కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు గంట. ప్యూజెట్ సౌండ్‌లో ఈ వ్యవధులు కొంత అటూ ఇటూ అవుతాయేమో గాని వరుస మారదు. అంటే చలికి గడ్డకట్టి పోయేవారి కంటే మొదటి నిమిషంలో ఉక్కిరిబిక్కిరై మునిగేవారే ఎక్కువ. ప్రతి వేసవిలోనూ మన తెలుగు వాట్సాప్ బృందాల్లో ఎవరో ఒక కుర్రవాడి వార్త చదువుతూనే ఉన్నాము.

నాన్నగారి చేత స్నానం మాన్పించమని నేను అనను. ముందు ఆయన డాక్టరుకు ఒక ఫోను చేయండి. సరేనంటే, రేవు మెట్లు దిగినట్టు నెమ్మదిగా దింపండి. మొదట పాదాలు, మోకాళ్లు, తరువాత దోసిలితో మెడమీదా ముఖంమీదా నీళ్లు చల్లుకుని, శ్వాస కుదుటపడ్డాకనే మునక. నడుము లోతు దాటవద్దు. పక్కన చెయ్యి అందేంత దూరంలో మీరు ఉండాలి.

పోటు పంచాంగం · జూన్ 30

పౌర్ణమి అన్నారు కనుక నా మాట కూడా వినండి. నాకు గుల్లలూ నక్షత్ర చేపలూ చూసే పిచ్చి ఉండడం వల్ల ఆటుపోట్ల పట్టిక తిథుల కంటే ముందు చూస్తాను.

మన తీరంలో పోటుకూ ఆటుకూ తేడా పెద్దగా కనిపించదు. సియాటిల్‌లో రోజులోని ఎక్కువ పోటుకూ తక్కువ ఆటుకూ మధ్య సగటున దాదాపు మూడున్నర మీటర్ల తేడా ఉంటుంది. పున్నమికీ అమావాస్యకూ అది ఇంకా పెరుగుతుంది. ఇక్కడ వేసవి పున్నములకు అతి తక్కువ ఆటు సరిగ్గా పట్టపగలు, పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య పడుతుంది. కనుక మీరు పంచాంగం ప్రకారం ఉదయం స్నానమని పది గంటలకు గోల్డెన్ గార్డెన్స్ చేరితే, సముద్రం మీ కళ్లముందే వెనక్కి పోతూ ఉంటుంది. నీటి అంచు చేరడానికి జారుడు నాచులో, బొడిపెల గుల్లలు అంటుకున్న రాళ్లమీద చాలా దూరం నడవాలి. ఆ గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి.

దానికి మందు కూడా ఆ పట్టికలోనే ఉంది. మధ్యాహ్నమంతా ఎండలో ఆరిన ఆ మెట్ట ఇసుక మీదికి సాయంత్రం పోటు తిరిగి వస్తుంది. వేడెక్కిన ఇసుక మీద పలచగా పరుచుకుంటూ వచ్చే ఆ నీరు లోతునీటి కంటే స్పష్టంగా గోరువెచ్చగా ఉంటుంది. గోరువెచ్చన అంటే మన ఊరి లెక్క కాదు, ఈ ఊరి లెక్క. గోల్డెన్ గార్డెన్స్ ఉత్తరపు వైపు వాలు తక్కువ కనుక అక్కడ ఈ లాభం బాగా తెలుస్తుంది. సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య దింపండి. జూలైలో తొమ్మిది దాటాక గాని పొద్దు వాలదు కనుక చీకటి భయం లేదు.

పిల్లల్ని మాత్రం మధ్యాహ్నం ఆటుకే తీసుకురండి. వేసవిలో బాగా ఆటు ఉన్న రోజుల్లో సియాటిల్ ఆక్వేరియం తరఫున స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కొన్ని తీరాల్లో నిలబడి సముద్ర నక్షత్రాలనూ పీతలనూ చూపించి వివరిస్తారు. మా అబ్బాయి ఒక చంద్రనత్త గుడ్ల పట్టీని ఎవరో పారేసిన రబ్బరు ముక్క అనుకుని చెత్తబుట్టలో వేయబోతే, ఒకావిడ పరుగున వచ్చి ఆపింది. ఇసుకా జిగురూ కలిపి గిన్నె అంచులా తిప్పిన ఆ పట్టీలో వేలకొద్దీ గుడ్లు ఉంటాయట.

సరస్సే చాలు · జూన్ 30

పెద్దవారు నన్ను మన్నించాలి. వాషింగ్టన్ సరస్సు నీరు కాలువ గుండా బ్యాలార్డ్ లాకుల దగ్గరికి వెళ్లి, అక్కడ ఉప్పునీటిలో కలుస్తుంది. ఆ కలిసే చోటు గోల్డెన్ గార్డెన్స్‌కు పక్కనే. కనుక జువానిటాలో మునిగితే, ఆ నీళ్లే కొన్నాళ్లకు సముద్రంలో మునుగుతాయి కదా. సంకల్పంలో ఆ ఒక్క ముక్క కలిపి చెప్పుకుంటే సరిపోదా?

కొవ్వూరు కుర్రాడు · జూన్ 30

ఈ మాట నాన్నగారికి చదివి వినిపించాను. “అలాగైతే కొవ్వూరు గోష్పాదాల రేవులో మునిగితే అంతర్వేదిలో మునిగినట్టేనా, మరి మీ తాతగారు బస్సు ఛార్జీలు ఎందుకు దండగ చేశారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పిల్లల విషయంలో మాత్రం సరస్సుకే నిర్ణయించాము. ఒక భయం ఉంది. జువానిటాలో బాతులు, వాటి రెట్టలు ఎక్కువని, నీరు శుభ్రంగా ఉండదని పొరుగింటివారు అన్నారు. అది నిజమేనా? అలాగే అమ్మ చీరతోనే మోకాళ్ల లోతు వరకు దిగుతానంటున్నారు. అబ్బాయికి ఇంట్లో ఉన్న గాలి ఊదే చేతిపట్టీలు సరిపోతాయా?

నీటిబొట్టు · జూలై 1

నేను నీటి నాణ్యత పరీక్షలకు సంబంధించిన ఉద్యోగంలో ఉన్నాను, కనుక కొంచెం విడమరచి చెబుతాను.

మీ పొరుగువారు అన్నది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. కింగ్ కౌంటీ వేసవి పొడవునా ఈత తీరాల నీటిని వారం వారం పరీక్షించి ఫలితాలను తన వెబ్‌సైటులో పెడుతుంది. ఈ-కోలై వంటి సూక్ష్మజీవులు హద్దు మీరితే తీరాన్ని మూసి పలక కడతారు. జువానిటానూ ఐడిల్‌వుడ్‌నూ కొన్ని వేసవుల్లో అలా మూశారు. కెనడా బాతుల రెట్టలు ఒక కారణం, వాన పడితే వీధుల మురికిని మోసుకొచ్చే వాగులు మరొక కారణం. బయలుదేరేముందు ఆ పేజీ చూడడం, పెద్ద వాన పడ్డాక రెండు రోజులు ఆగడం, ఈ రెండూ చేస్తే చాలు. పిల్లలు నీళ్లు మింగకుండా చూడండి, ఒడ్డున పులిహోర విప్పేముందు చేతులు కడిగించండి.

నాచు సంగతి వేరు. నీరు ఆకుపచ్చ రంగు కలిపినట్టో, పైన పెయింటు ఒలికినట్టో కనిపిస్తే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు, దానిలో కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. గ్రీన్ లేక్‌కు ఈ బాధ పాతది. భాస్వరాన్ని అడుగున పట్టి ఉంచడానికి ఆ సరస్సులో 1991లో, 2004లో, 2016లో పటికతో శుద్ధి చేశారు. మన ఊళ్లో బిందెలో పటిక తిప్పి బురద అడుగుకు దింపినట్టే, కాకపోతే బిందె పెద్దది.

వాషింగ్టన్ సరస్సు కథ ఇంకా పెద్దది. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ శుద్ధి చేసిన మురుగునీటిని దానిలోకే వదిలేవి. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారికి ఈ నీటిలో ఒక రకం నాచు కనిపించింది. యూరపు సరస్సులు పాడవడానికి ముందు కనిపించిన నాచే అది. ఆ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్, మురుగులోని భాస్వరమే దానికి మేత అనీ, మేత ఆపితే సరస్సు కోలుకుంటుందనీ చెప్పారు. 1958లో జనం ఓటు వేసి మెట్రో అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. 1963 నుంచి 1968 దాకా మురుగునంతా దారి మళ్లించారు. మళ్లింపు పనులు సాగుతున్న తొలి ఏళ్లలో నీరు ఎంత తేటగా ఉందో చూడడానికి దించిన తెల్లటి పళ్లెం ఒక మీటరు లోపే కనుమరుగయ్యేది. తరువాత పదేళ్లు దాటేసరికి అది అనేక మీటర్ల లోతున కూడా కనిపించసాగింది. ఇవాళ పిల్లలు తమ కాలివేళ్లు చూసుకుంటూ నిలబడగలుగుతున్నారంటే ఆ ఓటు వల్లనే. నిజానికి ఆ నిలబడే నేల కూడా కొత్తదే. ఓడల కాలువ తవ్వి 1916లో సరస్సును సముద్రం వైపు కలిపినప్పుడు నీటిమట్టం సుమారు తొమ్మిది అడుగులు పడిపోయింది, అంతకుముందు ఈ ఒడ్డులో చాలా భాగం నీటి కింద ఉండేది.

ఇంకొకటి మరిచాను. వెచ్చని లోతులేని నీటిలో ఆడి వచ్చిన పిల్లలకు ఒంటిమీద చిన్న చిన్న ఎర్రని దద్దుర్లు వస్తే కంగారు పడకండి. బాతుల నుంచి నత్తలకు, నత్తల నుంచి మళ్లీ బాతులకు వెళ్లవలసిన ఒక పరాన్నజీవి పొరపాటున మన చర్మంలో దూరి అక్కడే చనిపోతుంది. దురద పుడుతుంది గాని అంటుకోదు. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడిస్తే చాలావరకు రాదు.

రాత్రి డ్యూటీ · జూలై 1

చేతిపట్టీలు వద్దు, చాలా తీరాల్లో గాలి ఊదే వస్తువులను ఈత ఆవరణలోకి రానివ్వరు కూడా. కోస్ట్‌గార్డ్ ఆమోద ముద్ర ఉన్న లైఫ్‌జాకెట్టు కావాలి. లైఫ్‌గార్డులుండే తీరాల్లో చాలాచోట్ల ఉచితంగా అరువిస్తారు. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా లేస్తే అది పెద్దదని అర్థం.

చీర గురించి ఒక్క మాట. తడిసిన ఆరు గజాల నూలు కాళ్లకు చుట్టుకుంటే సరస్సులో కూడా ప్రమాదమే, ఎందుకంటే ఇక్కడి సరస్సు ఒడ్డు కొన్నిచోట్ల నాలుగడుగులు వేయగానే గుంటలా దిగిపోతుంది. అమ్మగారికి చేతులూ కాళ్లూ నిండుగా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి. ఒప్పుకోకపోతే పంజాబీ డ్రెస్సు, చున్నీ ఒడ్డున వదిలి.

వెస్ట్ సియాటిల్ కోడలు · జూలై 2

ఉప్పునీరు కావాలి, చలి వద్దు అనుకునేవారికి రెండు చోట్లు ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. ఒకటి హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ట్వానో స్టేట్ పార్కు. అక్కడ ఆటుపోట్ల రాకపోకలు తక్కువ కనుక రాష్ట్రంలో వెచ్చని ఉప్పునీటి తీరాల్లో ఒకటిగా దానికి పేరు. కాని మీకు వెళ్లడానికే రెండు గంటలు పట్టవచ్చు, అడుగున ఆల్చిప్పలు కనుక చెప్పులు విప్పకూడదు.

రెండవది మా ఇంటి దగ్గర లింకన్ పార్కులోని కోల్మన్ పూల్. 1941లో కట్టినది, సముద్రపు ఒడ్డునే ఉంటుంది, సముద్రపు నీటినే వేడిచేసి నింపుతారు, వేసవిలో మాత్రమే తెరుస్తారు. కారు పైన నిలిపి అర మైలు చెట్ల మధ్య నడిచి దిగాలి. నీటిలో తేలుతూ గోడ అవతల ఓడలు పోవడం చూడవచ్చు. మా మామగారు మొదట “కొళాయి సముద్రం” అని ఎగతాళి చేసి, చివరికి విజిల్ వేసేదాకా బయటికి రాలేదు.

అసలు పసిఫిక్ ఒడ్డుకు, ఓషన్ షోర్స్ వైపు, ఈతకని ఎవరూ వెళ్లకండి. లోపలికి లాగే ప్రవాహాలూ, అలల మీద దొర్లే దుంగలూ ఉంటాయి. అక్కడ గాలిపటాలు ఎగరేయాలి, అంతే.

కొవ్వూరు కుర్రాడు · జూలై 13

అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారు సరేనన్నారు. గురువారం సాయంత్రం సెలవు పెట్టి గోల్డెన్ గార్డెన్స్ ఉత్తరపు కొసకు చేరేసరికి ఐదు నలభై. పోటు పంచాంగం గారు చెప్పినట్టే నీరు వెచ్చని ఇసుకను కప్పుకుంటూ పైకి వస్తోంది. పాదాల దగ్గర బాగానే ఉంది. తొడల దాకా వెళ్లేసరికి నాన్నగారి మంత్రం మధ్యలో ఆగిపోయింది. ఆయన నా మణికట్టు పట్టుకుని, నోటితో నాలుగైదు సార్లు గాలి పీల్చి వదిలి, సంకల్పం మళ్లీ మొదటి నుంచి చెప్పారు. మూడు మునకలూ పూర్తయ్యాయి. మొత్తం రెండు నిమిషాలు దాటలేదు. ఒడ్డుకు వచ్చాక పెదవులు నీలంగా ఉన్నాయి గాని ముఖం వెలిగిపోతోంది. అమ్మ ఫ్లాస్కులో తెచ్చిన అల్లం టీ ఒక్క గుక్కలో తాగారు. చెప్పనే చెప్పినా వినకుండా మా అబ్బాయి చెప్పులు విప్పి, గుల్లల రాయి మీద బొటనవేలు కోసుకున్నాడు.

శనివారం జువానిటాకు వెళ్లాము. ముందుగా కౌంటీ పేజీ చూసుకున్నాము, తీరం తెరిచే ఉంది. పిల్లలు నాలుగు గంటలు నీటిలోనే ఉన్నారు. నాన్నగారు చెక్క వంతెన లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి బారలు వేస్తూ ఈదుతుంటే, లైఫ్‌గార్డు పిల్ల ఎత్తైన కుర్చీలో నుంచి మెడ సాచి చూసింది. తల నీటిపైనే ఉంచి చేతులు చాచి వేసే ఆ ఈత ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

ఇప్పుడు ఆయన, కార్తిక పౌర్ణమికి గోల్డెన్ గార్డెన్స్‌లో నీళ్లు ఎన్ని డిగ్రీలుంటాయో మీ అందరినీ అడిగి చెప్పమంటున్నారు. తిరుగు టిక్కెట్లు సెప్టెంబరుకే ఉన్నాయని అమ్మ వంటింట్లో నుంచే సమాధానం చెప్పింది.